పద్నాలుగు నెలల బాబుకు వాంతులు, నీళ్ళ విరేచనాలు: ఈ రాత్రి ఇంట్లో ఏం చేయాలి

అమ్మా, మీరు రాసింది మొత్తం చదివాను. బాబుకు 14 నెలలు, బరువు 9 కిలోలు. నిన్న సాయంత్రం వాంతులతో మొదలైంది, ఇవాళ పొద్దున్నించి నీళ్ళలా విరేచనాలు. ఒళ్ళు కాస్త కాలుతోంది. మందుల షాపులో విరేచనాలు ఆగే మందు, ఒక యాంటీబయాటిక్ సిరప్, ఆరెంజ్ రుచి ఉన్న పానీయం డబ్బా ఇచ్చారు. ఏం తాగించినా కక్కేస్తున్నాడు. పళ్ళు వస్తున్నాయి కాబట్టి ఇలా అవుతోంది, ఒక పూట కడుపు మాడిస్తే అదే సర్దుకుంటుంది, పాలు ఆపెయ్యమని మీ అత్తగారు అంటున్నారు. అదే ఇంట్లో మీ తోటికోడలి రెండు నెలల పాప కూడా ఉందన్నారు. నేను పిల్లల డాక్టర్ని. వానలు పడ్డాక మా వార్డులో సగం మంచాలు ఈ జబ్బుతోనే నిండుతాయి. మీరడిగినవన్నీ చెప్తాను, కానీ ముందు ఇది చదవడం ఆపి బాబు దగ్గరికి వెళ్ళండి.

లైటు వేసి ముఖం చూడండి. కళ్ళు లోతుకు పోయినట్టున్నాయా? ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా? నాలుక తడిగా ఉందా? నడినెత్తిన మాడు మీద వేళ్ళు పెట్టి చూడండి. ఈ వయసుకి కొందరికి పూడిపోయి ఉంటుంది, పూడకపోతే గుంటలా దిగిందేమో చూడండి. తర్వాత చొక్కా ఎత్తి, బొడ్డుకీ పొట్ట పక్క అంచుకీ మధ్యన పొట్ట మీది చర్మాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య నిలువుగా పట్టి పైకి లాగి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. ఒక్క క్షణం మడత అలాగే నిలబడి మెల్లగా దిగుతోందంటే ఒంట్లో నీళ్ళు బాగా తగ్గాయని. ఆఖరిగా ఒక చెంచా నీళ్ళు నోటి దగ్గర పెట్టి చూడండి. ఆత్రంగా అందుకుంటే దాహంగా ఉన్నాడు, కానీ తెలివిగా ఉన్నాడు. పిలిచినా పలకకుండా, మెడ వాల్చేసి, చెంచా పెట్టినా మింగకుండా ఉంటే మాత్రం నా సమాధానంతో పని లేదు. 108కి ఫోన్ చేసి బయలుదేరండి. మెలకువగా ఉండి మింగగలుగుతుంటేనే దారిలో చెంచా చెంచా పట్టించండి, మింగలేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు.

ఇంకొన్ని ఉన్నాయి, అవి కనిపించినా రాత్రనీ పగలనీ చూడకుండా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే. విరేచనంలో నెత్తురు కనబడటం. వాంతి ఆకుపచ్చగా రావడం. పొట్ట ఉబ్బి గట్టిపడటం. ఆరు నుంచి ఎనిమిది గంటల పాటు ఒక్కసారీ ఉచ్చ పోయకపోవడం. ఫిట్స్. కాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కెవ్వుమని ఏడవడం, కాసేపు మామూలుగా ఉండటం, మళ్ళీ అలాగే ఏడవడం. ఈ చివరిది పేగులో పేగు దూరినప్పుడు కనిపించే తీరు. అది మామూలు విరేచనాల జబ్బు కాదు, గంటల్లో తేల్చాల్సిన సంగతి.

ఉచ్చ గురించి ఒక చిన్న మాట. డైపర్ వేసి ఉంచితే విరేచనం నీళ్ళలో ఉచ్చ కలిసిపోయి పోశాడో లేదో తెలియదు. ఈ రెండు రోజులూ పాత నూలుగుడ్డ వేయండి. ఉతుకుడు పని పెరుగుతుంది, నిజమే. కానీ ఎన్నిసార్లు పోశాడన్నదే రేపు డాక్టరు మిమ్మల్ని అడిగే మొదటి ప్రశ్న.

పైన చెప్పినవేవీ లేవు, దాహంగా ఉన్నాడు, చిరాకు పడుతున్నాడు, అయినా మిమ్మల్ని గుర్తుపట్టి ఎత్తుకోమంటున్నాడు అనుకుందాం. అప్పుడు వైద్యం మీ చేతుల్లోనే ఉంది. ఈ జబ్బులో పిల్లల్ని తీసుకుపోయేది విరేచనం కాదు, దాంతో పాటు వెళ్ళిపోయే నీళ్ళూ ఉప్పూ. ఈ వయసులో ఎక్కువసార్లు వైరస్‌ల వల్లే వస్తుంది, వాటిలో రోటావైరస్ పేరుమోసింది. ఒకటి రెండు రోజులు వాంతులు, ఆ తర్వాత నీళ్ళ విరేచనాలు, మొత్తం మీద దాదాపు వారంలో దానంతట అదే పోతుంది. ఆ వారమంతా పోయిన నీళ్ళని పోయినట్టే తిరిగి పోయగలిగితే బిడ్డ గట్టెక్కుతాడు. విరేచనం ఎప్పుడు ఆగుతుందా అని కాకుండా, లోపలికి ఎంత వెళ్ళింది, బయటికి ఎంత వచ్చింది అని లెక్క పెట్టుకోండి.

ఇప్పుడు ఆ ఆరెంజ్ డబ్బా సంగతి. దాన్ని పక్కన పెట్టేయండి. బాబుకి కావలసింది ఓఆర్‌ఎస్, అంటే ఒంట్లోంచి పోయిన నీళ్ళూ ఉప్పూ తిరిగి నింపడానికి నీళ్ళలో కలిపి తాగించే పొడి. అసలైన ఓఆర్‌ఎస్‌లో లీటరు నీళ్ళకి ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు ఉంటాయి. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఇదే. ఇందులో గ్లూకోజ్ ఉన్నది శక్తి కోసం కాదు. జబ్బుపడ్డ పేగు గోడ కూడా ఒక పని మాత్రం మానదు: గ్లూకోజ్, ఉప్పులోని సోడియం జోడీగా వస్తే లోపలికి తీసుకుంటుంది, వాటి వెంట నీళ్ళూ వెళ్తాయి. అందుకే రెండిటి పాళ్ళూ అంత కచ్చితంగా ఉండాలి. చక్కెర ఎక్కువైతే వ్యవహారం తిరగబడుతుంది. పేగులో మిగిలిపోయిన చక్కెర ఒంట్లోని నీళ్ళని పేగులోకి లాగుతుంది, విరేచనం ఇంకా పెరుగుతుంది. మామూలు కూల్‌డ్రింకులో లీటరుకి 100 గ్రాముల పైన చక్కెర ఉంటుంది. ఓఆర్‌ఎస్ అనిపించేలా పేరు పెట్టుకుని షాపుల్లో అమ్ముడుపోయిన పండ్లరసాల్లో కూడా ఉండాల్సిన దానికి ఎన్నో రెట్లు చక్కెర, ఉండాల్సినంత ఉప్పు లేదు. వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో, మన దేశంలో తినే తాగే సరుకుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, ఈ సూత్రం ప్రకారం లేని ఏ పానీయం పేరులోనూ ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశమిచ్చింది. ఆమె చేసిన మేలు ఎంతమంది తల్లులకి తెలుసో గానీ, నాలాంటి వాళ్ళం ఆమెకి రుణపడి ఉన్నాం.

కాబట్టి షాపులో అడిగేటప్పుడు పొడి ప్యాకెట్ అడగండి. దాని మీద ‘ఓరల్ రీహైడ్రేషన్ సాల్ట్స్ ఐ.పి.’ అని ఉండాలి, లీటరు ప్యాకెట్ ఐతే వెనకవైపు నేను పైన రాసిన నాలుగు అంకెలూ ఉండాలి. కొనక్కర్లేదు కూడా. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, తెలంగాణలో ఐతే బస్తీ దవాఖానాలో ఉచితంగా ఇస్తారు.

కలపడం దగ్గరే ఎక్కువ మంది తప్పు చేస్తారు, అందుకే వివరంగా చెప్తున్నాను. ప్యాకెట్లు రెండు రకాలు. పెద్దది దాదాపు 21 గ్రాములు, పూర్తి లీటరు నీళ్ళకి. చిన్నది 4 గ్రాముల పైచిలుకు, 200 మి.లీ. నీళ్ళకి. మీ దగ్గర ఏది ఉందో ప్యాకెట్ మీద చదవండి. పెద్దదైతే లీటరు వాటర్ బాటిల్ ఒకటి కడిగి తీసుకోండి. కాచి చల్లార్చిన నీళ్ళు ఆ బాటిల్‌తో ఒక గిన్నెలోకి లీటరు కొలిచి పోసి, ప్యాకెట్ మొత్తం ఒకేసారి దులిపి, కరిగేదాకా చెంచాతో తిప్పి, మూత పెట్టండి. పిల్లాడు చిన్నవాడు కదా అని చిటికెడు పొడి గ్లాసులో వేసి కలపడం, మిగతాది మడిచి డబ్బాలో దాచడం చాలా ఇళ్ళల్లో చూస్తాను. అలా వద్దు. పొడి పలచబడితే పని చేయదు. చిక్కబడితే ప్రమాదం, రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ దాకా వెళ్తుంది. లీటరు ప్యాకెట్‌ని ఒక్క గ్లాసు నీళ్ళలో కలిపి పట్టించడం వల్ల ఐసీయూకి వచ్చిన పిల్లలున్నారు. అందులో పాలు కలపొద్దు, చక్కెర వేయొద్దు, జ్యూస్ పోయొద్దు. కలిపిన 24 గంటల తర్వాత మిగిలింది పారబోసి కొత్తది కలపండి. రుచి బాగోదు, కన్నీళ్ళంత ఉప్పగా ఉంటే సరిగ్గా ఉన్నట్టు. చల్లగా ఇస్తే కొందరు ఇష్టంగా తాగుతారు, ఫ్రిజ్‌లో పెట్టినా తప్పు లేదు.

ఇక మీ అసలు బాధ, తాగిందల్లా కక్కేస్తున్నాడన్నది. గ్లాసుతోనో పాలసీసాతోనో పట్టిస్తున్నారని నా అనుమానం. దాహంతో ఉన్న పిల్లాడు గటగటా తాగేస్తాడు, అలిసిన కడుపు అంతా ఒకేసారి వెనక్కి తోసేస్తుంది. వాంతి అయ్యాక పది నిమిషాలు ఏమీ ఇవ్వకండి. తర్వాత బాబుని ఒళ్ళో కాస్త నిటారుగా కూర్చోబెట్టుకుని, 5 మి.లీ. టీస్పూనుతో ఒక చెంచా చెంప లోపలి వైపుకి పోయండి. ఒక నిమిషం, రెండు నిమిషాలు ఆగండి. ఇంకో చెంచా. అంతే. గోడ గడియారం ఎదురుగా ఉండేలా కూర్చోండి. చెంచాకి ఏడుస్తాడు, ఇంకా కావాలని గిన్నె లాక్కుంటాడు, ఇవ్వొద్దు. ఇలా గంట సేపు చేస్తే 150 మి.లీ. పైన లోపలికి వెళ్తుంది. వాంతులు తగ్గాక వేగం పెంచుకోవచ్చు. చెంచా ఒప్పుకోకపోతే సూది తీసేసిన సిరంజితో పట్టించండి. ఆ తర్వాత నుంచి విరేచనం అయిన ప్రతిసారీ ఈ వయసుకి 50 నుంచి 100 మి.లీ., అంటే పావు గ్లాసు నుంచి అర గ్లాసు. ఒక చెంచా పోతే ఇంకో చెంచా. మీరు అలిసిపోతే మీ ఆయన్ని కూర్చోబెట్టండి, తర్వాత అత్తగారిని.

ఇంతేనా వైద్యం అనిపిస్తుంది, తెలుసు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు లక్షల్లో బెంగాల్ సరిహద్దు దాటి వచ్చినప్పుడు బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, తినే సోడా పొడి కలిపించి, డ్రమ్ముల్లో నీళ్ళు తయారుచేయించి, రోగుల బంధువుల చేతికే గ్లాసులిచ్చి తాగించమన్నారు. నూటికి 30 దాకా ఉన్న చావులు ఆయన చూసినవాళ్ళలో నాలుగు లోపుకి దిగాయి. అక్కడ ప్రాణాలు నిలబెట్టింది డాక్టర్ల చేతులు కావు, నేల మీద కూర్చుని పట్టించిన తల్లులు, అక్కచెల్లెళ్ళు. 2023లో ఆయనకి మరణానంతరం పద్మవిభూషణ్ ఇచ్చారు.

అత్తగారి మాటకి వస్తాను. లంఖణం పరమౌషధం అన్నది పెద్దవాళ్ళ మాట, అజీర్తి చేసిన పెద్దవాళ్ళకి సరిపోతుందేమో. 9 కిలోల పిల్లాడికి నిలవ ఉన్నది చాలా తక్కువ. కడుపు మాడిస్తే పేగు గోడ బాగుపడటానికి కావలసిన సరుకే అందదు. తల్లిపాలు తాగుతున్నట్టయితే ఒక్క పూట కూడా ఆపకండి, మామూలు కంటే ఎక్కువసార్లు పట్టండి. వాంతులు నెమ్మదించిన కొన్ని గంటలకే అన్నం మొదలుపెట్టండి. మెత్తగా చేసిన పెరుగన్నం, పెసరకట్టు అన్నం, ఇడ్లీ, అరటిపండు, ఉడికించిన బంగాళదుంప, ఉప్పు వేసిన గంజి. అన్నంలో ఒక చెంచా నెయ్యి వేస్తే తప్పు లేదు, మేలే. రెండు ముద్దలు తిని మొహం తిప్పేస్తే బలవంతం చేయకండి, మూడు గంటలు ఆగి మళ్ళీ పెట్టండి. అలవాటైన పాలు నీళ్ళు కలపకుండా అలాగే ఇవ్వండి. కొద్దిమందికి ఈ జబ్బు తర్వాత కొన్నాళ్ళు పాలు అరగవు, తాగగానే నురగతో పుల్లటి వాసన విరేచనం అవుతుంది, పిరుదులు ఎర్రగా ఒరుసుకుపోతాయి. అప్పుడు డాక్టరుతో మాట్లాడి పాలు తగ్గించి పెరుగు వైపుకి వెళ్ళొచ్చు. ముందే మానెయ్యక్కర్లేదు. కొబ్బరినీళ్ళు, పలచటి మజ్జిగ, సగ్గుబియ్యం జావ ఓఆర్‌ఎస్‌కి తోడుగా ఇవ్వొచ్చు, దాని బదులుగా మాత్రం కాదు. కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఉంటుంది గానీ సోడియం తక్కువ. గ్లూకోజ్ పొడి నీళ్ళు, సోడా, టీ అసలు వద్దు.

పళ్ళ సంగతి అంటారా. పన్ను వచ్చేటప్పుడు చొంగ కారుతుంది, చిగుళ్ళు దురద పెడతాయి, చేతికందింది నోట్లో పెట్టుకుంటాడు. నేల మీది బొమ్మ, చెప్పు, తలుపు అంచు, అన్నీ. సరిగ్గా అదే వయసుకి తల్లి నుంచి వచ్చిన రక్షణ కూడా తరిగిపోతుంది. రెండూ ఒకే కాలంలో జరుగుతాయి కాబట్టి పన్ను మీద నింద పడుతుంది. పన్ను రోజుకి పది నీళ్ళ విరేచనాలు తెప్పించదు. పళ్ళవే కదా అని ఊరుకుని మూడో రోజు చల్లబడ్డ చేతులతో తీసుకొచ్చిన పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. అత్తగారికి ఇది నా మాటగా చెప్పండి. ఆవిడకి బాబు మీద ప్రేమ లేక కాదు, ఆవిడ కాలంలో అలాగే చెప్పారు. చెంచా ఆవిడ చేతికిచ్చి చూడండి, ఓపిక మనకంటే వాళ్ళకే ఎక్కువ.

షాపువాళ్ళిచ్చిన మందుల్లో విరేచనాలు ఆపేది లోపరమైడ్ రకమైతే వెయ్యొద్దు, చిన్నపిల్లలకి అది పనికిరాదు. పేగు కదలిక నిలిచిపోయి పొట్ట ఉబ్బుతుంది, మత్తు వస్తుంది. పైకి విరేచనం ఆగినట్టే ఉంటుంది, నీళ్ళు మాత్రం పేగులోనే పేరుకుంటాయి. యాంటీబయాటిక్ కూడా ఇప్పుడు అక్కర్లేదు. ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపిన సిరప్‌లు మన దగ్గర విరేచనాలనగానే ఇచ్చేస్తారు. వైరస్ మీద అవి పని చేయవు, ఉన్న మంచి బ్యాక్టీరియాని చంపి విరేచనాలు పొడిగించగలవు. నెత్తురు పడితే, కలరా అనుమానం ఉంటే, అప్పుడు ఏ మందో డాక్టరు నిర్ణయిస్తారు. వాంతులు మరీ ఆగకపోతే ఒండాన్‌సెట్రాన్ ఒక మోతాదు బరువు చూసి ఇస్తారు, అదీ డాక్టరు చూశాకే.

జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటి చాలు. సీసా మీద 5 మి.లీ.లో ఎన్ని మిల్లీగ్రాములో తప్పక చూడండి. 120 లేదా 125 అని ఉంటే 9 కిలోల బాబుకి 5 మి.లీ., 250 అని ఉంటే అందులో సగం. డ్రాప్స్ ఐతే ఇంకా చిక్కగా ఉంటాయి, ఒక మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్ కొలతతో పోస్తే మోతాదు మించిపోతుంది. రెండు మోతాదుల మధ్య కనీసం ఆరు గంటలు ఆగండి. ఐబుప్రొఫెన్ కలిసిన సిరప్‌లు ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు మూత్రపిండాలకి చెరుపు, వద్దు.

ఓఆర్‌ఎస్ తర్వాత నేను ఇవ్వమనే అసలు మందు జింక్. దీన్ని సగం మంది మధ్యలో మానేస్తారు, అందుకే నొక్కి చెప్తున్నాను. మన ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మి.గ్రా. చొప్పున 14 రోజులు. చెంచాలో కాసిన్ని కాచిన నీళ్ళు పోసి మాత్ర వేస్తే కరిగిపోతుంది. పరగడుపున ఇస్తే వాంతి రావచ్చు, అన్నం తిన్నాక ఇవ్వండి. కొందరికి నాలుగో రోజుకే విరేచనాలు తగ్గుతాయి, మాత్రలు మిగిలి ఉంటాయి. మిగిలినవీ వెయ్యాలి. ఈ విడత త్వరగా తగ్గడానికే కాదు, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్ళీ రాకుండా ఉండటానికి కూడా పనికొచ్చేది ఆ పూర్తి కోర్సే.

రేపు పొద్దున ఎలా ఉన్నా ఒకసారి డాక్టరుకి చూపించి బరువు తూయించండి. ఇప్పటి బరువు రాసి పెట్టుకుంటే వారం తర్వాత తిరిగి వచ్చిందో లేదో తెలుస్తుంది. తగ్గాక కూడా రెండు వారాల పాటు రోజుకి ఒక పూట ఎక్కువ పెట్టండి. పద్నాలుగు రోజులు దాటినా విరేచనాలు ఆగకపోతే అది వేరే జబ్బు కింద లెక్క, పరీక్షలు కావాలి.

ఇప్పుడు ఆ రెండు నెలల పాప. నిజం చెప్పాలంటే మీ ఉత్తరంలో నాకు అందరికంటే ఎక్కువ భయం వేసింది ఆ పాప గురించే. బాబు గుడ్డలు మార్చిన ప్రతిసారీ, వాంతి తుడిచిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కునే పాపని ముట్టుకోండి. వీలైతే బాబుని చూసుకునేవాళ్ళు, పాపని ఎత్తుకునేవాళ్ళు ఈ వారం వేరుగా ఉండండి. బాబు పాలసీసా మానిపించి గిన్నె, చెంచాకి మార్చండి. సీసా పీక ఎంత కడిగినా మడతల్లో పాలజిడ్డు నిలుస్తుంది, క్రిములు అక్కడే పెరుగుతాయి. పాపకి తల్లిపాలు తప్ప ఇంకేమీ, మంచినీళ్ళు కూడా, పట్టొద్దని తోటికోడలికి చెప్పండి. రోటావైరస్ టీకా చుక్కలు 6, 10, 14 వారాలకి వేస్తారు. 2016లో ఈ టీకాని ప్రభుత్వ కార్యక్రమంలో మొదట తెచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఈ టీకాల్లో ఒకటైన రోటావాక్ తయారయ్యేది కూడా హైదరాబాద్‌లోనే. పాపకి మొదటి విడత పడిందో లేదో కార్డు తీసి చూడమనండి, పడకపోతే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో ఈ వారమే వేయించమనండి. పాపకి మామూలుగా కాకుండా నీళ్ళ విరేచనం మొదలైనా, పాలు సరిగ్గా తాగకపోయినా, ఒళ్ళు కాలినా ఇంట్లో చెంచా వైద్యం చేస్తూ కూర్చోవద్దు. ఆ వయసులో వెంటనే ఆస్పత్రికే తీసుకెళ్ళాలి.